అరికాలి పులిపిర్లు: కోయవద్దు, కాల్చవద్దు



అరికాలిలో గట్టిగా ఏదైనా తగిలితే మన ఇళ్లలో వెంటనే వినిపించే మాట, "ఆనెకాయ వేసినట్టుంది". ఆ వెంటనే వెతికేది బ్లేడు. కాలు కాసేపు వేడినీళ్లలో నానబెట్టుకుని, గట్టిపడిన చర్మాన్ని పొరలు పొరలుగా చెక్కేస్తారు. ఒకటి రెండు రోజులు నడక హాయిగా ఉంటుంది. వారం పది రోజులకు కథ మళ్లీ మొదటికొస్తుంది. కొన్నాళ్లకు దాని పక్కనే మరో రెండు మొలుస్తాయి. ఇంట్లో పిల్లవాడి కాలికీ ఒకటి కనిపిస్తుంది.

ఆనెకాయ అయితే ఇలా ఒకరి నుంచి ఒకరికి రాదు. ఒకటి పదిగా పెరిగిందంటే, ఇంట్లో మరొకరికి వచ్చిందంటే అది పులిపిరి కావచ్చు. మెడ మీద, చేతివేళ్ల మీద వచ్చే పులిపిర్లు అందరికీ తెలుసు. అవే అరికాలిలోనూ వస్తాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది వాటి గురించే. అవి ఎందుకు వస్తాయి, ఎలా గుర్తుపట్టాలి, ఇంట్లో ఏం చేయవచ్చు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఏవి ఎట్టిపరిస్థితుల్లోనూ చేయకూడదు అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా కారణం. పులిపిర్లు వేడి చేసి రావు, రక్తం చెడి రావు. వాటికి కారణం ఒక వైరస్. పేరు హ్యూమన్ పాపిల్లోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. 1907లో చుఫో అనే ఇటలీ వైద్యుడు పులిపిరిని నూరి, ఆ రసాన్ని బ్యాక్టీరియా కూడా దాటలేని వడపోతతో వడగట్టి, మనిషి చర్మంలోకి ఎక్కించి చూశాడు. అక్కడ మళ్లీ పులిపిరి లేచింది. బ్యాక్టీరియా కంటే చిన్నదేదో ఈ పని చేస్తోందని అప్పుడే తేలింది. ఈ వైరస్‌లో ఇప్పటికి 200కు పైగా రకాలు గుర్తించారు. అరికాళ్ల మీద పులిపిర్లు తెచ్చేవి ముఖ్యంగా 1, 2, 4, 27, 57 నంబర్ల రకాలు.

హెచ్‌పీవీ అనగానే కొందరు తల్లులు కంగారు పడతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని వింటున్నది దీని గురించే కదా అని అడుగుతారు. కుటుంబం ఒకటే గానీ సభ్యులు వేరు. ఆ క్యాన్సర్‌కు ముఖ్య కారణం 16, 18 రకాలు. కాలి మీద పులిపిరి ఉన్నంత మాత్రాన ఆ క్యాన్సర్ వస్తుందన్న భయం అక్కర్లేదు. అలాగే ఆడపిల్లలకు వేయించే హెచ్‌పీవీ టీకా కాలి పులిపిర్ల కోసం తయారైనది కాదు. ఆ టీకా క్యాన్సర్ నుంచి కాపాడుతుంది కాబట్టి దాన్ని తప్పకుండా వేయించండి.

ఇక ఈ వైరస్ కాలిలోకి ఎలా చేరుతుంది? ఆరోగ్యంగా, పొడిగా ఉన్న చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లే శక్తి దానికి లేదు. దారి కావాలి. మడమ పగుళ్లు, చిన్న గీరుడు, ముల్లు గుచ్చుకున్న చోటు, నీళ్లలో బాగా నాని మెత్తబడిన చర్మం, ఇవే ఆ దారులు. కంటికి కనిపించనంత చిన్న గాటు చాలు. అక్కడి నుంచి పైచర్మం అడుగుపొరకు చేరి, ఆ కణాలను అతిగా పెరిగేలా చేస్తుంది. కణాలు పైకి జరుగుతున్నకొద్దీ వైరస్ వాటిలో వృద్ధి చెందుతుంది. పైకొచ్చిన ఆ చర్మం పొట్టులా రాలినప్పుడు దానితో పాటు నేల మీద పడుతుంది. ఎండిపోయినా తొందరగా చావదు. ఆ నేల మీద మరొకరు పగిలిన కాళ్లతో నడిస్తే వాళ్లకు అంటుతుంది. వైరస్ చేరిన వెంటనే పులిపిరి కనిపించదు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు పట్టవచ్చు. అందుకే ఎక్కడ అంటిందో చెప్పడం దాదాపు అసాధ్యం. ఫలానా వాళ్ల వల్ల వచ్చిందని ఎవరినీ నిందించి లాభం లేదు.

అరికాలి పులిపిరి ఎక్కువగా బడి వయసు పిల్లల్లో కనిపిస్తుంది. హాస్టళ్లలో, గురుకులాల్లో, ఈత కొలనుల దగ్గర ఒకే స్నానాల గదిని చాలామంది వాడుకుంటారు కాబట్టి అక్కడ వ్యాపించే అవకాశం ఎక్కువ. అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఎక్కువ సంఖ్యలో వస్తాయి, మొండిగా ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆనెకాయా, పులిపిరా? నాలుగు గుర్తులు చెబుతాను. మంచి వెలుతురులో, కాలు శుభ్రంగా కడిగి చూడండి.

మొదటిది, గీతలు. మన వేలిముద్రల్లో ఉండే సన్నటి గీతలు అరికాలిలోనూ ఉంటాయి. ఆనెకాయ మీద ఆ గీతలు అలాగే సాగిపోతుంటాయి. పులిపిరి దగ్గర అవి తెగిపోయి, దాన్ని తప్పించుకుని పక్క నుంచి వెళతాయి.

రెండోది, నల్లటి చుక్కలు. పులిపిరి మీద సన్నటి నల్లని లేదా ముదురు ఎరుపు చుక్కలు కనిపిస్తాయి. చాలామంది వీటిని ముల్లు అనుకుని సూదితో పొడుస్తారు, లేదా వేరు అనుకుని పీకబోతారు. అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. గట్టి చర్మాన్ని పైపైన గీకితే అక్కడ చిన్న చిన్న రక్తపు బొట్లు వస్తాయి. ఆనెకాయలో అలా రావు. దాని మధ్యలో గట్టిగా, పసుపుపచ్చగా ఒక కేంద్రం ఉంటుంది.

మూడోది, నొప్పి. ఆనెకాయను పైనుంచి నొక్కితే ఎక్కువ నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి వేళ్లతో పట్టి నొక్కితే ఎక్కువ నొప్పి.

నాలుగోది, చోటు. ఆనెకాయ ఒత్తిడి పడే చోటే వస్తుంది. చెప్పు ఒరుసుకునే చోట, ఎముక పొడుచుకొచ్చిన చోట. పులిపిరికి ఆ నియమం లేదు. ఒత్తిడి పడని చోటా రావచ్చు.

చేతి మీద పులిపిరి పైకి లేచి గరుకుగా ఉంటే, అరికాలిలో మాత్రం లోపలికి దిగినట్టు ఎందుకుంటుంది? మన ఒంటి బరువంతా దాని మీద పడుతుంది కాబట్టి. పైకి పెరగడానికి చోటు లేక అది లోపలికి ఒత్తుకుపోతుంది. దాని మీద గట్టి చర్మం కప్పు వేస్తుంది. అందుకే నడిచినప్పుడు చెప్పులో రాయి పడినట్టు అనిపిస్తుంది. కొందరికి చిన్న చిన్నవి పది ఇరవై కలిసిపోయి ఒకే పెద్ద మచ్చగా తయారవుతాయి. అవి నొప్పి తక్కువ పెడతాయి గానీ తగ్గడానికి ఎక్కువ కాలం తీసుకుంటాయి. ఎంత లోతుగా కనిపించినా పులిపిరి ఉండేది పైచర్మంలోనే. ఎముక దాకా వేరు దిగిందన్న మాటలో నిజం లేదు.

ఇక్కడ చాలా ముఖ్యమైన విషయం ఒకటి. ఈ వైరస్ రక్తంలోకి వెళ్లదు. చర్మం పైపొరల్లోనే దాగి ఉంటుంది. అందువల్ల మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం పసిగట్టలేదు. ఏదో ఒకరోజు పసిగట్టిందంటే, పులిపిర్లు వాటంతట అవే రాలిపోతాయి. పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి రెండేళ్లలోపు ఏ మందూ లేకుండానే తగ్గిపోతాయి. పెద్దల్లో ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు.

మంత్రాలకు, తాయెత్తులకు, గుర్రపు వెంట్రుకకు పేరొచ్చింది ఇందువల్లే. ఎవరో మంత్రం వేశాక పులిపిర్లు రాలిపోయాయంటే, అది కాకతాళీయం. రాలిపోయే సమయం వచ్చింది, రాలిపోయాయి. హోమియో మందుల మీద కెనడాలో ఒక పరిశోధన జరిగింది. అరికాలి పులిపిర్లు ఉన్నవాళ్లలో సగం మందికి థూజా వంటి మందులు, మిగతా సగానికి మందు లేని మాత్రలు ఇచ్చి చూశారు. 1992లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రెండు వర్గాల మధ్య తేడా ఏమీ కనిపించలేదు.

మంత్రంతో నష్టం లేదు సరే. కాల్చే వైద్యాలతో మాత్రం చాలా నష్టం ఉంది. సున్నం, బట్టల సోడా కలిపి పెడతారు. జిల్లేడు పాలు పోస్తారు. నల్లజీడి గింజను కాల్చి ఆ రసం అంటిస్తారు. అగరుబత్తితో కాల్చేవాళ్లూ ఉన్నారు. జీడి రసం పడిన చోట చర్మం పొక్కి, బొబ్బలెక్కి, చుట్టూ మంచి చర్మం కూడా పుండైపోతుంది. సున్నం సోడా కలిస్తే ఎంత లోతుకు తింటుందో పెట్టినవాళ్లకే తెలియదు. అరికాలిలో లోతుగా కాలితే మానిన తర్వాత గట్టి మచ్చ మిగులుతుంది. పులిపిరి ఒకనాటికి పోతుంది, ఆ మచ్చ మాత్రం జీవితాంతం అడుగడుగునా నొప్పి పెడుతుంది. ఇక బ్లేడుతో కోస్తే కలిగే నష్టం రెండు రకాలు. బ్లేడు వెంట వైరస్ పక్క చర్మంలోకి పాకి కొత్త పులిపిర్లు పుడతాయి. చీము పట్టడం, ధనుర్వాతం వంటి ప్రమాదాలు అదనం.

మరి ఏం చేయాలి? నొప్పి లేకపోతే, ఆరోగ్యవంతుడైన పిల్లవాడైతే, ఏమీ చేయకుండా కొన్నాళ్లు గమనిస్తూ ఉండటం కూడా సరైన వైద్యమే. నొప్పి ఉన్నా, సంఖ్య పెరుగుతున్నా వైద్యం మొదలుపెట్టాలి. ఇంట్లో చేసుకోగలిగిన వాటిలో ఎక్కువ పరిశోధనల్లో నిలబడినది సాలిసిలిక్ ఆమ్లం. మందుల షాపుల్లో పూతమందుగా దొరుకుతుంది. 40 శాతం ఆమ్లంతో పట్టీల రూపంలోనూ దొరుకుతుంది. కార్న్ క్యాప్ అని అడిగితే ఇచ్చేది అదే. ఏ మోతాదు మీకు సరిపోతుందో డాక్టరును ఒకసారి అడిగి తీసుకోండి.

వాడే పద్ధతి జాగ్రత్తగా వినండి. దీన్ని సరిగా చేయకపోవడం వల్లే చాలామంది మందు పనిచేయలేదంటారు. రాత్రి పడుకునే ముందు కాలిని గోరువెచ్చటి నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు నానబెట్టండి. తెల్లగా మెత్తబడిన పైచర్మాన్ని కాళ్లు రుద్దుకునే రాయితో గానీ, అట్టముక్కకు అతికించిన గరుకు కాగితంతో గానీ నెమ్మదిగా అరగదీయండి. రక్తం వచ్చేదాకా రుద్దకూడదు. ఆ రాయిని మరెవ్వరూ వాడకూడదు, మీరు కూడా మంచి చర్మం మీద వాడకూడదు. తర్వాత కాలిని పొడిగా తుడిచి, పులిపిరి చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజిలిన్ రాయండి. మందును సరిగ్గా పులిపిరి మీద మాత్రమే ఒక చుక్క వేసి ఆరనివ్వండి. పైన చిన్న ప్లాస్టర్ అంటించండి. మర్నాడు మళ్లీ ఇదే వరస. మంటగా, ఎర్రగా అయితే రెండు మూడు రోజులు ఆపి తిరిగి మొదలుపెట్టండి. ఇలా పన్నెండు వారాలు చేయాలి. నాలుగు రోజులు చేసి వదిలేస్తే ప్రయోజనం ఉండదు. ఓర్చినమ్మకు తేటనీరు అన్న మాట ఈ వైద్యానికి అక్షరాలా వర్తిస్తుంది.

ఎప్పుడు ఆపాలి? నల్లటి చుక్కలన్నీ పోయి, చర్మం మీద గీతలు మళ్లీ మామూలుగా కనిపించినప్పుడు. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే మిగిలినది మళ్లీ పెరుగుతుంది.

ఇక డాక్టరు దగ్గర జరిగే వైద్యాలు. అందులో ఎక్కువగా చేసేది క్రయోథెరపీ. మైనస్ 196 డిగ్రీల చల్లదనం ఉన్న ద్రవ నైట్రోజన్‌ను పులిపిరి మీద కొన్ని సెకన్ల పాటు తాకిస్తారు. ఆ కణాలు గడ్డకట్టి చనిపోతాయి. తర్వాత బొబ్బ లేచి, ఎండి, రాలిపోతుంది. రెండు మూడు వారాలకోసారి, కొన్ని విడతలు చేయించుకోవాలి. నొప్పిగా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు సాధారణంగా చేయరు. కొన్నాళ్లు ఆ చోట రంగు మారవచ్చు.

ఖర్చు పెట్టి ఆసుపత్రిలో చేయించుకుంటే ఇంటి వైద్యం కంటే తప్పకుండా త్వరగా తగ్గుతుందని అనుకోవడం సహజం. దీన్ని తేల్చడానికి బ్రిటన్‌లో 240 మంది మీద ఒక పెద్ద పరీక్ష చేశారు, ఫలితాలు 2011లో వచ్చాయి. సగం మందికి ద్రవ నైట్రోజన్, సగం మందికి ఇంట్లో రోజూ వాడుకునే 50 శాతం సాలిసిలిక్ ఆమ్లం. పన్నెండు వారాలకు పూర్తిగా తగ్గినవాళ్లు రెండు వర్గాల్లోనూ 14 శాతమే. ఆరు నెలల నాటికి రెండు వైపులా సుమారు మూడో వంతు మంది తగ్గిందని చెప్పారు. దీన్నుంచి రెండు సంగతులు తీసుకోవాలి. ఒకటి, ఇంటి దగ్గర ఓపికగా చేసుకునే వైద్యం ఆసుపత్రి వైద్యానికి తీసిపోదు. రెండు, ఒక్క దెబ్బకు పోతుందని హామీ ఇచ్చేవాళ్లను నమ్మకూడదు.

మొండి పులిపిర్లకు మరో దారి కూడా ఉంది. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను మన దేశంలో చాలామంది చర్మవైద్యులు పెద్ద పులిపిరిలోకే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. దాంతో ఒంట్లోని రక్షణ వ్యవస్థ అక్కడికి చేరుకుని, దాగి ఉన్న వైరస్‌ను గుర్తుపడుతుంది. ఒక్కోసారి ఇంజెక్షన్ ఇవ్వని మిగతా పులిపిర్లు కూడా తగ్గిపోతాయి. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, గర్భిణులకు ఇవ్వరు. కరెంటుతో మాడ్చడం, లేజర్, కోసి తీయడం వంటివి అరికాలి విషయంలో చివరి దారులు. మచ్చ పడే అవకాశం ఉంది కాబట్టి అనుభవమున్న చర్మవైద్యుల చేతనే చేయించుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది మధుమేహం, అంటే షుగర్ ఉన్నవాళ్లకు. దయచేసి శ్రద్ధగా వినండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి కాళ్లలో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. వాళ్లు కార్న్ క్యాప్ అంటిస్తే అది మంచి చర్మాన్ని తినేస్తున్నా నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు పడి ఉంటుంది. అలాంటి పుండ్లే ముదిరి కాలివేళ్లు, ఒక్కోసారి పాదమే తీసేయాల్సిన పరిస్థితి తెస్తాయి. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లలో తిమ్మిర్లు ఉన్నవాళ్లు, రక్తప్రసరణ లోపం ఉన్నవాళ్లు, కుష్ఠు వల్ల స్పర్శ పోయినవాళ్లు ఇంట్లో ఏ ఆమ్లమూ పెట్టుకోకూడదు, బ్లేడు ముట్టకూడదు. నేరుగా డాక్టరుకే చూపించాలి.

ఇంకొందరు కూడా ఆలస్యం చేయకూడదు. అరికాలిలో గానీ గోరు కింద గానీ నల్లటి మచ్చ పెరుగుతూ, అంచులు వంకరగా, రంగు ఒకచోట ఒకలా ఉంటే, రక్తం కారుతుంటే, నెలల తరబడి మానని పుండు ఉంటే అది పులిపిరి కాకపోవచ్చు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనలాంటి రంగు చర్మం ఉన్నవాళ్లలో ఎక్కువగా వచ్చేది అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. 1981లో 36 ఏళ్ల వయసులోనే ఆయన చనిపోయారు. అందుకని అనుమానం ఉన్న మచ్చను మూడు నాలుగు నెలలు పులిపిరి మందుతో మభ్యపెట్టకూడదు. ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. అక్కడ ఓపీలో చూపించుకోవచ్చు.

చివరగా నివారణ. పెద్ద ఖర్చేమీ లేని పనులివి. హాస్టల్ స్నానాల గదుల్లోకి, ఈత కొలనుల ఒడ్డున, యాత్రల్లో అందరూ వాడే స్నానఘట్టాల దగ్గర రబ్బరు చెప్పులు వేసుకోండి. స్నానం అయ్యాక వేళ్ల మధ్య కూడా పొడిగా తుడుచుకోండి. తువ్వాళ్లు, సాక్సులు, చెప్పులు, కాళ్లు రుద్దే రాయి ఎవరివి వాళ్లే వాడాలి. బోరింగు దగ్గర చప్టా మీద అందరూ కాళ్లు రుద్దుకునే అలవాటు ఉంటే మానండి. మడమ పగుళ్లకు రోజూ రాత్రి వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాసి ఉంచండి. పగులు మూసుకుంటే వైరస్‌కు దారి మూసుకున్నట్టే. పొలంలో నాట్లు వేసి గంటల తరబడి నీళ్లలో నానిన కాళ్లకు ఇది మరీ అవసరం. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పులు లేకుండా నడిచే స్వాములు దీక్షకు ముందే పగుళ్లకు వైద్యం చేయించుకోండి. పులిపిరి ఉంటే దాని మీద నీళ్లు దిగని ప్లాస్టర్ అంటించుకుని నడవండి. దానివల్ల నియమానికి భంగం రాదు, పక్కవారికి అంటకుండా ఉంటుంది.

పులిపిరి ఉన్న పిల్లలను బడి మాన్పించనక్కర్లేదు, ఆటలు మాన్పించనక్కర్లేదు, వేరుగా కూర్చోబెట్టనక్కర్లేదు. ప్లాస్టర్ వేసి పంపండి. గిల్లుకోవద్దని, ముట్టుకుంటే చేతులు కడుక్కోమని చెప్పండి. హాస్టల్ వార్డెన్లకు, గురుకులాల ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. స్నానాల గదుల నేల రోజూ కడిగించి ఆరేలా చూడండి, ప్రతి పిల్లవాడికీ ఒక జత రబ్బరు చెప్పులు ఉండేలా చూడండి.

అమ్మలూ, నాన్నలూ, నెలకోసారి పిల్లల అరికాళ్లు వెలుతురులో పట్టి చూడండి. ఒక్కటి ఉన్నప్పుడే గుర్తుపడితే వైద్యం తేలిక. ఇంట్లో పెద్దవాళ్లకు షుగర్ ఉంటే వాళ్ల పాదాలు రోజూ చూడండి. బ్లేడు, సున్నం, జీడి కాళ్ల దగ్గరికి రానివ్వకండి. సరైన మందు ఎంచుకుని, పన్నెండు వారాలు ఓపిక పట్టండి. అప్పటికీ తగ్గకపోతే చర్మవైద్యులను కలవండి.